సందేహాలు – సమాధానాలు: బ్లాక్‌చైన్ హ్యాకథాన్‌లో మెంటార్ పని

బ్లాక్‌చైన్ హ్యాకథాన్లకు మెంటార్లుగా వెళ్లడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. బ్లాక్‌చైన్ అంటే చాలా కంప్యూటర్లు కలిసి ఉంచే, వెనక్కి దిద్దలేని ఖాతా పుస్తకం. దాని మీద నడిచే ప్రోగ్రాములను ఒకటి రెండు రోజుల్లో జట్లుగా కట్టే పోటీ హ్యాకథాన్, ఆ జట్లకు దారి చూపేవారు మెంటార్లు. బెంగళూరులో 2018లో మొదలైన ఈథ్ ఇండియా హ్యాకథాన్ తర్వాత ఇలాంటి పోటీలు మన ఇంజినీరింగ్ కాలేజీల దాకా వచ్చాయి. పోటీ పడే పిల్లలకు సలహాలు దొరుకుతున్నాయి గానీ, వాళ్ల పక్కన నిలబడేవాళ్లకు చెప్పేవారు తక్కువ. అందుకే ఈ సంచిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: జావాలో ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. సాలిడిటీ (ఈథరియం బ్లాక్‌చైన్ మీద ప్రోగ్రాములు రాసే భాష) ఏడాదిగా సొంతంగా నేర్చుకుంటున్నాను. 36 గంటల హ్యాకథాన్‌కు మెంటార్‌గా రమ్మంటున్నారు. నేను సరిపోతానా? వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కొండాపూర్

జవాబు: సరిపోతారు. ఎర్రర్ మెసేజీని చివరిదాకా చదవడం, గిట్‌లో పడిన చిక్కు విప్పడం, పేజీకీ సర్వర్‌కూ మధ్య తీగ ఎక్కడ తెగిందో పట్టుకోవడం మీకు ఎనిమిదేళ్లుగా అలవాటు. విద్యార్థి జట్లకు సాలిడిటీ కన్నా ఎక్కువగా కొరవడేది అదే.

అయితే ఒక షరతు. ఖాళీ ఫోల్డర్‌తో మొదలుపెట్టి, ఎవరి సాయం లేకుండా, ఒక చిన్న కాంట్రాక్టు (చైన్ మీద నడిచే ప్రోగ్రామ్, దీన్నే స్మార్ట్ కాంట్రాక్టు అంటారు) రాసి, సెపోలియా అనే టెస్ట్ నెట్‌వర్క్ మీద పెట్టండి. దానికి ఒక బటన్ ఉన్న పేజీ కట్టి, బ్రౌజర్‌లో ఉండే వాలెట్ మెటామాస్క్‌తో సంతకం చేసి, చైన్ మీది లావాదేవీలు చూపే ఈథర్‌స్కాన్ సైటులో సోర్స్ కోడ్ వెరిఫై చేయండి. నిరుడు చేశాను కదా అనుకోవద్దు, ఈ వారంలోనే మళ్లీ చేయండి. ఈ రంగంలో పనిముట్లు అంత తొందరగా మారిపోతాయి. రాప్‌స్టెన్, రింకెబీ, గోర్లీ అనే టెస్ట్ నెట్‌వర్కులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. నెట్‌లో దొరికే పాత పాఠాల్లో సగం ఇంకా వాటినే చూపిస్తున్నాయి. ఆ పాఠం చూసి కూర్చున్న జట్టుకు ఉదయమంతా పోతుంది.

కాంట్రాక్టులు కట్టి పరీక్షించే పనిముట్లు హార్డ్‌హ్యాట్, ఫౌండ్రీ రెండూ లాప్‌టాప్‌లో ఉంచుకోండి. హార్డ్‌హ్యాట్ 3కి నోడ్ జేఎస్ 22 గానీ ఆపై వెర్షన్ గానీ కావాలి. విండోస్ వాడే పిల్లలు ఫౌండ్రీని మామూలు కమాండ్ విండోలో ఎక్కించబోయి ఆగిపోతారు. ఫౌండ్రీని ఎక్కించే ఫౌండ్రీఅప్‌కు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లో నడిచే లినక్స్) లేదా గిట్ బాష్ ఉండాలని వాళ్లకు మీరు చెప్పాలి. ఇంట్లో ఉన్నప్పుడే ఒకసారి కంపైల్ చేసి పెట్టుకోండి, సాలిడిటీ కంపైలర్ మొదటి కంపైల్‌లోనే డౌన్‌లోడ్ అవుతుంది. రెండు వందల మంది ఒకే వైఫై మీద పడిన హాల్లో ఆ చిన్న డౌన్‌లోడ్ కూడా కదలదు. కాలేజీ నెట్‌వర్కులు కొన్ని ఆర్‌పీసీ సర్వర్ల (మన ప్రోగ్రామును చైన్‌కు కలిపేవి) చిరునామాలను అడ్డుకుంటాయి కూడా. కాబట్టి రెండు వేర్వేరు సంస్థల ఆర్‌పీసీ కీలు, ఫోన్ హాట్‌స్పాట్ వెంట ఉండాలి.

నిర్వాహకులను ముందే మూడు సంగతులు అడగండి: స్పాన్సర్ బహుమతులు ఏ ఏ సాంకేతికతలకు ఉన్నాయి, ముందే రాసుకొచ్చిన కోడ్‌ను అనుమతిస్తారా, మెంటార్లే జడ్జీలుగా కూడా ఉంటారా. రెండోది చాలా ముఖ్యం. ఈథ్ గ్లోబల్ లాంటి పెద్ద పోటీల్లో పని అక్కడే మొదలుపెట్టాలి. చివరి గంటలో ఒకే ఒక్క పెద్ద కమిట్ (కోడ్ మార్పులను గిట్‌లో నమోదు చేయడం) కనిపిస్తే పోటీ నుంచి తప్పించవచ్చు. గంటకొక కమిట్ అయినా పెట్టమని జట్లకు మొదటిరోజే చెప్పండి.

ప్రశ్న: మా విద్యార్థులు బ్లాక్‌చైన్ మీద చీటీ పాట కడతామంటున్నారు. నలుగురు పిల్లలు, 36 గంటలు. ఆలోచన బాగానే ఉందనిపిస్తోంది, కానీ ఎక్కడ తగ్గించమని చెప్పాలో తెలియడం లేదు. మెంటార్ ఎలా నడిపించాలి?
— అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: మెంటార్ పనిలో అసలైన భాగం మీరు అడిగిన ఈ తగ్గింపే. అర్ధరాత్రి పట్టుకునే పది తప్పుల కన్నా, మొదటి మూడు గంటల్లో కొట్టేయించిన రెండు ఫీచర్లు జట్టుకు ఎక్కువ మేలు చేస్తాయి.

చీటీ మన పిల్లలకు ఇంట్లో తెలిసిన లెక్క, అందుకే ఈ ఆలోచన మంచిదే. ముందు కాగితం మీద ఒక నెల లెక్క వేయించండి. నలుగురు సభ్యులు, నాలుగు నెలలు, నెలకు వెయ్యి, చీటీ మొత్తం 4,000. ఒకరు 600 తగ్గించుకుని పాడుకున్నారు, చేతికి 3,400 వస్తుంది. ఆ 600లో నిర్వాహకుడి కమీషన్ చీటీ మొత్తం మీద ఐదు శాతం, అంటే 200. మిగిలిన 400 నలుగురికీ తలా వంద. ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 900. నాలుగు తొమ్మిది వందలు 3,600, పాడుకున్నవారికి 3,400, నిర్వాహకుడికి 200. లెక్క కుదిరింది. ఈ నాలుగు వరుసలే వాళ్ల మొదటి టెస్ట్. కోడ్ రాయకముందే ఈ టెస్ట్ రాయించండి.

ఇప్పుడు పాటను 600 బదులు 610 చేయమనండి. కమీషన్ పోగా 410, నాలుగో వంతు నూట రెండున్నర. సాలిడిటీలో దశాంశాలు లేవు, 102 అవుతుంది. నాలుగు 102లు 408, రెండు ఎవరికీ చెందకుండా కాంట్రాక్టులో ఇరుక్కుపోతాయి. ఆ మిగులు ఎవరికి పోవాలో (నిర్వాహకుడికా, వచ్చే నెలకా) నియమం రాసుకోవాలి. మొత్తాలన్నీ టోకెన్ (చైన్ మీద నడిచే నాణెం) చిన్న యూనిట్లలోనే ఉంచితే మిగులు అతి స్వల్పం అవుతుంది గానీ సున్నా కాదు.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: నెల తిరగ్గానే పాట ఎవరు మొదలుపెడతారు? పిల్లలు కాంట్రాక్టే దానంతట అది లేస్తుందనుకుంటారు. అది లేవదు. ఎవరో ఒకరు లావాదేవీ పంపి ఆ ఫంక్షన్‌ను పిలవాలి. హ్యాకథాన్‌కు పేజీలో ‘పాట ముగించు’ అనే బటన్ చాలు. నెల అనే కాలాన్ని కన్‌స్ట్రక్టర్‌లో (కాంట్రాక్టును చైన్ మీద పెట్టేటప్పుడు ఒక్కసారే నడిచే భాగం) ఇచ్చే విలువగా పెట్టించండి. టెస్టుల్లో కాలాన్ని ముందుకు జరిపే వీలు హార్డ్‌హ్యాట్‌లోనూ ఫౌండ్రీలోనూ ఉంది గానీ సెపోలియాలో లేదు. డెమోకు నెల అంటే రెండు నిమిషాలు.

డబ్బు పంపిణీ దగ్గర దాదాపు ప్రతి జట్టూ లూప్ రాస్తుంది: ఈ సభ్యుడికి పంపు, తర్వాతివారికి పంపు. అందులో ఒక్క చిరునామా డబ్బు తీసుకోవడానికి నిరాకరించే కాంట్రాక్టు అయితే మొత్తం లావాదేవీ వెనక్కి పోతుంది, అందరి డబ్బూ ఆగుతుంది. ఎవరి వాటా వారే వచ్చి తీసుకునేలా రాయించండి. తీసుకునే ఫంక్షన్‌లో ముందు ఖాతా సున్నా చేయాలి, ఆ తర్వాతే డబ్బు పంపాలి. ఈ వరుస తప్పడం వల్లే 2016 జూన్‌లో ‘ది డావో’ అనే ఈథరియం పెట్టుబడి నిధి నుంచి దాదాపు 36 లక్షల ఈథర్ (ఈథరియం నాణెం) బయటికి పోయింది. పిల్లలకు ఈ తప్పుకు పెట్టిన రీఎంట్రన్సీ అనే మాట కన్నా ఈ సంఖ్య బాగా గుర్తుంటుంది.

ఇక అన్నిటికన్నా పెద్ద చిక్కు. మొదటి నెల పాడుకున్నవాడు 3,400 తీసుకుని మాయమైతే? మిగిలిన మూడు వాయిదాలు ఎవరు కడతారు? మన ఊళ్లో అయితే జామీను ఉంటుంది, ఇల్లు తెలుసు, పరువు ఉంటుంది. చైన్ మీద కొత్త వాలెట్ తెరవడానికి అర నిమిషం పడుతుంది, ఖర్చేమీ లేదు. పూర్తి సొమ్ము తాకట్టు పెట్టించుకుందామంటే, ఆ సొమ్ము ఉన్నవాడికి చీటీతో పనేముంది? స్మార్ట్ కాంట్రాక్టు దీన్ని తేల్చలేదు. జట్టు ఈ సంగతి తానే గుర్తించి జడ్జీల ముందు చెప్పగలగాలి. అందుకు మీరు చేయాల్సింది ఈ ప్రశ్న అడిగి పక్కకు వెళ్లడం, గంట తర్వాత తిరిగి రావడం. మంచి జట్లు జామీనుదారు కూడా సంతకం చేసే పద్ధతి దగ్గరికో, లేదంటే డబ్బు చైన్ మీద పెట్టకుండా పాట పుస్తకాన్ని మాత్రమే అక్కడ రాసే పద్ధతి దగ్గరికో చేరతాయి. రెండోది ఊహ కాదు. చిట్‌ఫండ్ల నమోదు కోసం తెలంగాణ ప్రభుత్వం వాడిన టీ-చిట్స్ ఈ దారిదే.

కొట్టేయించాల్సినవి: సొంత టోకెన్ కనిపెట్టడం, ఓటింగ్, మొబైల్ యాప్, సభ్యులకు ఎన్ఎఫ్‌టీ (చైన్ మీది డిజిటల్) బ్యాడ్జీలు. రహస్య పాట కూడా అవసరం లేదు, చీటీ పాట నోటితో అందరి ముందూ పాడేదే. ఉంచాల్సినవి నాలుగు ఫంక్షన్లు: చేరడం, వాయిదా కట్టడం, పాడటం, పాట ముగించడం. దానికి వాటా తీసుకునే ఐదోది. అసలు డబ్బుతో నడపబోమని, అందుకు 1982 చిట్‌ఫండ్ల చట్టం కింద రిజిస్ట్రార్ అనుమతి కావాలని స్లైడ్‌లో ఒక వాక్యం రాయించండి.

ప్రశ్న: టెస్ట్ ఈథర్ (టెస్ట్ నెట్‌వర్కులో ఖర్చులకు వాడే, అసలు విలువ లేని ఈథర్) దొరక్క జట్లు పూటంతా పోగొట్టుకోవడం చూస్తున్నాను. దీనికి దారి లేదా?
— స్టార్టప్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఉంది. మొదటిరోజు ఎవరికీ టెస్ట్ ఈథర్ అవసరమే లేదని చెప్పండి. హార్డ్‌హ్యాట్ సొంత నెట్‌వర్క్ గానీ ఫౌండ్రీలోని ఆన్విల్ గానీ లాప్‌టాప్ మీదే చైన్ నడుపుతుంది, ఒక్కో ఖాతాలో పదివేల ఈథర్ వేసి ఇస్తుంది. చైన్ ఐడీ 31337, పోర్టు 8545. వైఫై పోయినా పని ఆగదు.

ఫాసెట్లు అనే ఉచిత పంపిణీ పేజీలు రోజుకు ఇంత అని పరిమితి పెడతాయి. కొన్నయితే మీ అసలు ఈథరియం ఖాతాలో కొంత సొమ్ము ఉంటేనే ఇస్తాయి. విద్యార్థి దగ్గర అది ఉండదు. కాబట్టి మీరు రెండు మూడు వారాల ముందు నుంచే రోజూ కొంచెం కూడబెట్టండి. జట్టుకు 0.05 సెపోలియా ఈథర్ ఇచ్చినా మామూలుగా కాంట్రాక్టు పెట్టి, కొన్ని లావాదేవీలు చేయడానికి సరిపోతుంది. జట్టుకు ఒక చిరునామాకే ఇవ్వండి, వాళ్లలో వాళ్లు పంచుకుంటారు. ఎవరికి ఇచ్చారో రాసి పెట్టుకోండి, లేకపోతే ఒకే జట్టు నుంచి ముగ్గురు వచ్చి తీసుకెళ్తారు, మరో జట్టుకు మిగలదు.

ప్రశ్న: రాత్రి రెండు గంటలకు జట్లు తెచ్చే తప్పులు సాధారణంగా ఏవి? ఒక వరుస చెబితే ముందే చదువుకుని వెళ్తాను.
— ఎంటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ముందు చూడాల్సింది ఎప్పుడూ ఒకటే: వాలెట్ ఏ నెట్‌వర్క్ మీద ఉంది, కోడ్ ఏ చిరునామాకు పంపుతోంది. కాంట్రాక్టును మళ్లీ డిప్లాయ్ చేశాక (చైన్ మీద పెట్టాక) పేజీలో పాత చిరునామా, పాత ఏబీఐ (కాంట్రాక్టు ఫంక్షన్ల జాబితా) అలాగే ఉండిపోతాయి. చదవబోతే ‘కాల్ ఎక్సెప్షన్’ వస్తుంది, పిల్లలు కాంట్రాక్టులో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. చిరునామా, ఏబీఐ రెండూ డిప్లాయ్ స్క్రిప్టే ఒక ఫైల్లోకి రాసేలా చేయిస్తే ఈ బాధ ఆ జట్టుకు మళ్లీ రాదు.

లాప్‌టాప్ మీది చైన్ ఆపి మళ్లీ మొదలుపెడితే మెటామాస్క్ ‘నాన్స్ టూ హై’ అంటుంది. నాన్స్ అంటే ఖాతా పంపిన లావాదేవీల లెక్క. చైన్ సున్నా నుంచి లెక్క మొదలుపెట్టింది, వాలెట్ పాత లెక్క గుర్తుపెట్టుకుంది. మెటామాస్క్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ భాగానికి వెళ్లి యాక్టివిటీ డేటా తుడిచేస్తే సరిపోతుంది. దానివల్ల ఖాతాలు పోవు, ఆ భయం పిల్లలకు ముందే తీర్చండి.

‘గ్యాస్ అంచనా వేయలేకపోయాం’ అనే సందేశం చూసి గ్యాస్ (లావాదేవీ రుసుము) పెంచుతూ పోతారు. చాలాసార్లు గ్యాస్‌కు దానితో సంబంధమే ఉండదు. లోపల ఏదో రిక్వైర్ షరతు విఫలమై లావాదేవీ వెనక్కి వస్తోంది. టోకెన్ తీసుకునే ఫంక్షన్ అయితే ముందు అప్రూవ్ (టోకెన్ తీసుకోవడానికి దాని యజమాని ఇచ్చే అనుమతి) పిలిచారా అని అడగండి. ఎక్కువసార్లు పిలిచి ఉండరు.

దశాంశాల తప్పు నిశ్శబ్దంగా ముంచుతుంది. ఈథర్‌కు 18 స్థానాలు, యూఎస్‌డీసీ అనే డాలర్ టోకెన్‌కు ఆరు. పది యూఎస్‌డీసీ పంపడానికి, 18 స్థానాలతో లెక్కగట్టే పార్స్‌ఈథర్ వాడితే అది పది లక్షల కోట్ల యూఎస్‌డీసీ అడిగినట్టు. నిల్వ చాలదని వెనక్కి వస్తుంది. పిల్లలు ఫాసెట్ చెడిపోయిందనుకుంటారు.

వెర్షన్ల తగాదా ఇంకొకటి. పేజీని చైన్‌కు కలిపే ఈథర్స్ లైబ్రరీ ఐదో వెర్షన్‌లో ‘ఈథర్స్ డాట్ యుటిల్స్’ కింద ఉన్న ఫంక్షన్లు ఆరులో పైకి వచ్చాయి, డిప్లాయ్డ్ బదులు వెయిట్‌ఫర్‌డిప్లాయ్‌మెంట్ వచ్చింది, సంఖ్యలు జావాస్క్రిప్ట్ బిగ్‌ఇంట్‌గా మారాయి. బిగ్‌ఇంట్‌ను నేరుగా జేసన్‌లోకి మార్చబోతే ఎర్రర్. సిద్ధంగా దొరికే కాంట్రాక్టుల లైబ్రరీ ఓపెన్‌జెప్పెలిన్ ఐదో వెర్షన్‌లో ఓనబుల్ వాడితే కన్‌స్ట్రక్టర్‌లో యజమాని చిరునామా ఇచ్చి తీరాలి, రీఎంట్రన్సీగార్డ్ ‘సెక్యూరిటీ’ ఫోల్డర్ నుంచి ‘యుటిల్స్’కు మారింది, కౌంటర్స్ తీసేశారు. ఏఐ సాధనాలు రాసిచ్చే కోడ్‌లో పాత పద్ధతులు తరచూ తొంగిచూస్తాయి. జట్టు ఏఐ వాడటం తప్పు కాదు. ఒక్కో లైను ఎందుకుందో జట్టులో ఒకరైనా చెప్పగలగాలి. చెప్పలేని భాగాన్ని తీసేయమనండి, జడ్జీ వేలు పెట్టేది అక్కడే.

కాంట్రాక్టు 24,576 బైట్లు దాటితే ఈథరియం ఒప్పుకోదు, కానీ హ్యాకథాన్‌లో అంత పెద్దది రాశారంటే ఫీచర్లు తగ్గించాల్సిన అవసరం ఉందన్నమాట. కోడ్‌ను కుదించే ఆప్టిమైజర్ ఆన్ చేయడం రెండో మాట.

ప్రశ్న: జట్టు బాగా వెనకబడి ఉన్నప్పుడు నేనే కూర్చుని పదినిమిషాల్లో రాసిస్తే తప్పా?
— ఫ్రీలాన్స్ డెవలపర్, తిరుపతి

జవాబు: తప్పే. కీబోర్డు ముట్టుకోవద్దు. స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించండి, కాగితం మీద బొమ్మ గీయండి, ఏ లైను దగ్గర విలువ ప్రింట్ చేసి చూడాలో చెప్పండి. మీరు రాసిన పది లైన్లు పక్క జట్టుకు అన్యాయం, ఈ జట్టుకు జడ్జీ ముందు నోరు పెగలని చోటు. ఒక జట్టు దగ్గర ఒకసారికి పదిహేను నిమిషాలు మించి కూర్చోవద్దు. అంతలో తేలకపోతే, సమస్యను ఐదు లైన్ల చిన్న ఉదాహరణగా విడదీయమని పని అప్పజెప్పి లేవండి. ఆ విడదీయడంలోనే చాలా తప్పులు బయటపడతాయి.

సాయం అడగని జట్ల దగ్గరికి మీరే వెళ్లాలి. మొదటి ఏడాది పిల్లలు, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లు ఇంగ్లీషులో అడగడానికి జంకి మూలన ఉండిపోతారు. తెలుగులో పలకరించండి. “ఎక్కడ ఆగింది?” అన్న ఒక్క మాటతో లాప్‌టాప్ మీ వైపు తిరుగుతుంది.

ప్రశ్న: ఒక విద్యార్థి తన ప్రైవేట్ కీ (ఖాతా మీద పూర్తి అధికారం ఇచ్చే రహస్య సంఖ్య) ఉన్న ఫైలును గిట్‌హబ్‌లో పెట్టేశాడు. చూసిన వెంటనే తీసేయించాను. సరిపోతుందా?
— మెంటార్‌గా వెళ్లిన పాఠకురాలు, హన్మకొండ

జవాబు: సరిపోదు. ఫైలు తీసేసినా పాత కమిట్‌లో కీ ఉంటుంది. పైగా బహిరంగ రిపోజిటరీల్లో కీల కోసం బాట్లు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాయి. ఆ కీ పోయిందనే లెక్క. వరుస ఇది: ఆ ఖాతాలో అసలు సొమ్మేదైనా ఉంటే ముందు దాన్ని కొత్త ఖాతాకు పంపించాలి. ఆ ఖాతా కాంట్రాక్టు యజమాని అయితే యాజమాన్యం మార్చాలి లేదా మళ్లీ డిప్లాయ్ చేయాలి. ఆ తర్వాత కీలు ఉంచే ఈఎన్‌వీ ఫైలు పేరు గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) చేర్చాలి. ఆర్‌పీసీ కీ కూడా అదే ఫైల్లో ఉంటుంది, దాన్నీ రద్దు చేసి కొత్తది తీసుకోమనండి.

ముందే చేయించాల్సింది: హ్యాకథాన్ కోసం బ్రౌజర్‌లో వేరే ప్రొఫైల్, అందులో కొత్త వాలెట్. సొంత డబ్బున్న వాలెట్‌ను ఆ రెండు రోజులు తెరవనే కూడదు. హార్డ్‌హ్యాట్, ఆన్విల్ ఇచ్చే ఖాతాల కీలు ప్రపంచమంతటికీ తెలిసినవే. వాటిలోకి అసలు నెట్‌వర్క్ మీద సొమ్ము పంపితే క్షణాల్లో ఊడ్చుకుపోతారు. వాలెట్‌ను తిరిగి తెరిచే పన్నెండు మాటల రహస్య పదావళిని మీరు అడగకూడదు, చూపించబోయినా చూడకూడదు.

ప్రశ్న: డెమో సమయంలో జట్లు తడబడుతున్నాయి. చివరి గంటల్లో మెంటార్ ఏం చేయాలి?
— అధ్యాపకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: గడువుకు నాలుగు గంటల ముందు కొత్త కోడ్ ఆపించండి. అప్పటికి పనిచేస్తున్న వెర్షన్‌కు గిట్‌లో ట్యాగ్ వేయించి, దాంతోనే డెమో వీడియో తీయించండి. ఈథ్ గ్లోబల్ తరహా పోటీల్లో వీడియో రెండు నుంచి నాలుగు నిమిషాలు ఉండాలి. అందులో మొదటి ముప్పై సెకన్లు సమస్య, మిగతాదంతా పనిచేసే పేజీ. బ్లాక్‌చైన్ అంటే ఏమిటో వివరించే స్లైడ్ తీసేయించండి, జడ్జీకి తెలుసు.

ఈథరియంలో బ్లాకుకు 12 సెకన్లు. బటన్ నొక్కాక పేజీ ఏమీ చూపించకపోతే ఆ పన్నెండు సెకన్లు వేదిక మీద చాలా పొడుగ్గా ఉంటాయి, కంగారులో విద్యార్థి మళ్లీ నొక్కుతాడు, రెండో లావాదేవీ వెళ్తుంది. లావాదేవీ పంపాక ‘వెయిట్’ పిలిచి, అంతదాకా బటన్ పనిచేయకుండా ఆపి, ‘నమోదవుతోంది’ అని చూపించమనండి. ఆ వ్యవధిలో మాట్లాడాల్సిన వాక్యం కూడా ముందే అనుకోవాలి. ఈథర్‌స్కాన్‌లో వెరిఫై చేయకపోతే జడ్జీకి కోడ్ బదులు మనిషి చదవలేని బైట్‌కోడ్ కనిపిస్తుంది. వెరిఫై కాకపోతే కంపైలర్ వెర్షన్, ఆప్టిమైజర్ రన్స్, కన్‌స్ట్రక్టర్‌కు ఇచ్చిన విలువలు డిప్లాయ్ చేసినప్పటివే అన్నది సరిచూడండి.

జడ్జీ దాదాపు తప్పకుండా అడిగే ప్రశ్న: “ఇది మామూలు డేటాబేస్‌తో ఎందుకు చేయలేదు?” పోటీ మధ్యలోనే రెండుసార్లు మీరు అడిగి ఉంచండి. ‘మార్చలేరు కాబట్టి’ అన్నది సగం జవాబే. ఒకరినొకరు నమ్మని వాళ్లు ఎవరు, ఎవరి చేతిలో పుస్తకం ఉంటే ఎవరికి నష్టం అన్నది చెప్పాలి. చీటీ జట్టు అయితే నిర్వాహకుడూ సభ్యులూ అని చెప్పగలదు. ‘ప్రైవేట్’ అని రాసిన వేరియబుల్ రహస్యం కాదని, చైన్ మీద ఎవరైనా చదవగలరని కూడా జట్టుకు తెలిసి ఉండాలి.

ప్రశ్న: నేను సాయం చేసిన జట్టుకే మార్కులు వేయమంటే? రాత్రంతా అక్కడే ఉండాలా?
— ఇద్దరు పాఠకులు, హైదరాబాద్

జవాబు: ఆ జట్టు వరకూ తప్పుకుంటానని నిర్వాహకులకు ముందే చెప్పండి, ఏ జట్లకు ఎంతసేపు సాయం చేశారో రాసిన కాగితం వాళ్లకు ఇవ్వండి. రాత్రంతా అవసరం లేదు. మెంటార్లు వంతులు వేసుకుంటే చాలు, కానీ రాత్రి పదకొండు నుంచి రెండు దాకా కనీసం ఇద్దరు ఉండాలి. జట్లు పేజీని కాంట్రాక్టుకు కలపడం మొదలుపెట్టేది ఎక్కువగా అప్పుడే. వెళ్లేముందు తర్వాత వచ్చే మెంటార్‌కు ఏ బల్ల దగ్గర ఏ తప్పు నడుస్తోందో చెప్పి వెళ్లండి, జట్టు ఆ కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేకుండా.